కూఫా బట్టల వర్తకుడు – ఇమామె ఆజమ్ అబూ హనీఫా (రహ్మలై)

మన తెలుగు ప్రాంతాల ముస్లిములలో ఎక్కువమంది హనఫీ మస్లక్‌ను అనుసరించేవారే. నమాజులో చేతులు ఎక్కడ కట్టాలి, విత్ర్ ఎలా చదవాలి, జకాత్ లెక్క ఎలా వేయాలి... ఏ మస్అలా వచ్చినా మన మస్జిదులలో ఇమామె ఆజమ్ అబూ హనీఫా (రహ్మలై) గారి పేరు వినిపిస్తుంది. అయితే ఆ మహనీయులు ఏ పని చేసి కుటుంబాన్ని పోషించేవారు అని అడిగి చూడండి. నేను ఒకసారి మక్తబ్ పిల్లలను అడిగాను. మదరసాలో పాఠాలు చెప్పి జీతం తీసుకునేవారని ఒకడన్నాడు. ఖాజీ ఉద్యోగం చేసేవారని ఇంకొకడన్నాడు. నాకు నవ్వూ వచ్చింది, బాధా కలిగింది. ఖాజీ పదవి వద్దన్నందుకే కదా ఆయన కొరడా దెబ్బలు తిన్నది! పిల్లలను అనుకోవడం దేనికి, ఎనిమిదేళ్ళు మదరసాలో చదువుకున్న నేను కూడా ఆయన దుకాణం సంగతి చాలా ఆలస్యంగానే పట్టించుకున్నాను.

ఇమామ్ గారు బట్టల వర్తకులు. కూఫా బజారులో ఆయనకు పేరున్న దుకాణం ఉండేది. ఊరి జనం మొదట ఆయన్ని ఎరిగింది వర్తకుడిగానే.

కూఫా పట్టణం ఇరాక్ దేశంలో ఫురాత్ నదికి దగ్గర ఉంది. హజ్రత్ ఉమర్ (రజి) ఖిలాఫత్ కాలంలో, హిజ్రీ 17వ సంవత్సరంలో, హజ్రత్ సఅద్ బిన్ అబీ వఖ్ఖాస్ (రజి) దాన్ని ముస్లిం సైన్యం కోసం నెలకొల్పారు. తరువాత హజ్రత్ అలీ (రజి) దాన్నే తన రాజధాని చేసుకున్నారు. ఎందరో సహాబాలు అక్కడ స్థిరపడటం వల్ల అది విద్యకు నిలయమయింది. అరబ్బులు, పారశీకులు కలిసి మెలిసి బతికే ఊరు కావడం వల్ల వ్యాపారానికీ నిలయమయింది. ఆ ఊళ్ళో హిజ్రీ 80లో, అంటే క్రీ.శ. 699లో, నూమాన్ బిన్ సాబిత్ జన్మించారు. అబూ హనీఫా అన్నది ఆయన కునియత్. తాతగారి పేరు జూతా. ఆ కుటుంబం పారశీక మూలానికి చెందినది, కాబుల్ వైపు నుండి వచ్చినదని చాలామంది రాశారు. తండ్రి సాబిత్ గారిని చిన్నతనంలో హజ్రత్ అలీ (రజి) దగ్గరకు తీసుకువెళ్ళారనీ, ఆయన ఆ బిడ్డకు, అతని సంతానానికి శుభం కలగాలని దుఆ చేశారనీ ఒక రివాయతు ఉంది.

తండ్రి వ్యాపారమే కొడుక్కి వచ్చింది. అది ఖజ్ అనే బట్ట వ్యాపారం. పట్టు మగవారికి నిషిద్ధం కదా, మరి ఇమామ్ గారు పట్టు అమ్మడం ఏమిటని కొందరు అడుగుతుంటారు. ఖజ్ అంటే ఉన్ని, పట్టు కలిపి నేసిన బట్ట. దాన్ని సహాబాలలో కొందరు ధరించినట్లు రివాయతులున్నాయి. ఈ వ్యాపారం మూలంగానే గ్రంథాలలో ఆయన పేరు పక్కన ఖజ్జాజ్, అంటే ఖజ్ వర్తకుడు, అని కూడా కనిపిస్తుంది.

యువకుడైన నూమాన్ రోజూ ఇంటి నుండి బజారుకు, బజారు నుండి ఇంటికి తిరుగుతుండేవారు. ఒకనాడు దారిలో కూఫా గొప్ప విద్వాంసులు ఇమామ్ షాబీ (రహ్మలై) ఆయన్ని పిలిచి, ఎవరి దగ్గరకు వెళ్తున్నావని అడిగారు. బజారుకు వెళ్తున్నానని ఆయన చెప్పారు. బజారు మాట కాదు, ఏ ఆలిమ్ దగ్గర కూర్చుంటున్నావని షాబీ మళ్ళీ అడిగారు. అలాంటి చోటికి తక్కువగా వెళ్తానని నూమాన్ ఒప్పుకున్నారు. నీలో చురుకుదనం కనిపిస్తోంది, విద్యను వదలవద్దని పెద్దాయన హితవు చెప్పారు. ఆ మాట యువకుడి మనసులో నాటుకుపోయింది. తరువాత ఆయన హమ్మాద్ బిన్ అబీ సులైమాన్ (రహ్మలై) గారి శిష్యరికంలో 18 సంవత్సరాలు గడిపారు. హిజ్రీ 120లో గురువుగారు మరణించాక ఆ స్థానంలో కూర్చుని బోధించారు.

ఇక్కడ మనం గమనించవలసింది ఒకటి ఉంది. ఆయన విద్య కోసం దుకాణం మూసేయలేదు. భాగస్వామిని పెట్టుకున్నారు, పనివారిని పెట్టుకున్నారు, సరుకు వేరే ఊళ్ళకు పంపించారు. లెక్కలు మాత్రం తన అదుపులోనే ఉంచుకున్నారు. మస్జిదులో దర్స్ చెప్పినందుకు ఎవరి దగ్గరా ఒక్క దిర్హం తీసుకోలేదు. ఆ అవసరం రాకుండా దుకాణమే కాపాడింది.

ఆ దుకాణంలో వ్యాపారం ఎలా జరిగేదో చరిత్రకారులు కొన్ని సంఘటనలు రాసి ఉంచారు. మన ప్రసంగాలలో ఇమామ్ గారు నలభై ఏళ్ళు ఇషా వుజూతోనే ఫజ్ర్ నమాజు చేశారన్న మాట తప్పకుండా వస్తుంది. ఆ రివాయతు మీద విద్వాంసులు చర్చించారు. అందులోకి నేను వెళ్ళను. ఆయన రాత్రి ఆరాధనలో సందేహం లేదు గాని, నా మటుకు నాకు ఆయన పగటి సంఘటనలే ఎక్కువ భయం కలిగిస్తాయి. రాత్రంతా నిలబడలేకపోయానని మనం బలహీనత చెప్పుకోవచ్చు. కొలతలో, ధరలో, సరుకు లోపం చెప్పడంలో ఏ బలహీనత చెప్పుకోగలం?

హఫ్స్ బిన్ అబ్దుర్రహ్మాన్ అనే వ్యక్తి ఆయన వ్యాపార భాగస్వామి. ఒకసారి ఇమామ్ గారు అతనికి సరుకు పంపిస్తూ, ఫలానా బట్టలో లోపం ఉంది, అమ్మేటప్పుడు కొనేవాడికి ఆ సంగతి చెప్పమని తెలియజేశారు. హఫ్స్ సరుకంతా అమ్మేశాడు. లోపం చెప్పడం మరచిపోయాడు. కొన్నవాడు ఎవరో కూడా గుర్తులేదు. ఇమామ్ గారికి తెలిసింది. ఆ ఒక్క బట్ట ధర పక్కన పెడితే సరిపోతుందని మనమైతే అనుకుంటాం. ఆయన అలా అనుకోలేదు. ఆ సరుకు మొత్తం మీద వచ్చిన సొమ్మునంతా సదఖా చేసేశారు. అది 30 వేల దిర్హములని రాశారు. ఆ భాగస్వామితో లెక్క తెంచుకున్నారని కూడా కొందరు రాశారు. హఫ్స్ మోసగాడు కాడు, మరచిపోయాడు, అంతే. తరువాతి కాలంలో అతను నీషాపూర్ ఖాజీ కూడా అయ్యాడు. అయినా లోపం తెలియక డబ్బిచ్చిన వాడొకడు ఎక్కడో ఉన్నాడు, అతని హక్కు తన సొమ్ములో కలిసిపోయింది అన్నదే ఇమామ్ గారిని నిలవనివ్వలేదు.

రెండేళ్ళ క్రితం రమజాన్‌లో మా అబ్బాయికి పైజామా కోసం బట్ట కొన్నాను. దుకాణదారుడి చేతిలో తస్బీహ్, అతని తల మీద గోడకు ఆయతుల్ కుర్సీ ఫ్రేము. ఇంటికి తెచ్చి దర్జీ పరిస్తే మధ్య మడతలో చేతి వెడల్పున రంగు దిగిపోయి ఉంది. తిరిగి తీసుకువెళ్తే, ఈద్ సరుకు వాపసు లేదని గోడ మీది ఇంకో బోర్డు చూపించాడు. ఆ రోజు నాకు హఫ్స్ సంఘటన గుర్తుకొచ్చింది.

అమ్మేటప్పుడే కాదు, కొనేటప్పుడు కూడా ఇమామ్ గారి పద్ధతి వేరుగా ఉండేది. ఒక స్త్రీ పట్టు బట్ట తెచ్చి ఆయనకు అమ్మజూపింది. వంద దిర్హములు చెప్పింది. ఆయన దాన్ని చూసి, ఇది అంతకన్నా ఎక్కువ విలువైనదన్నారు. ఆమె మరో వంద పెంచింది. ఇంకా ఎక్కువే అన్నారు. అలా నాలుగు వందల దాకా వచ్చింది. అప్పటికీ ఆయన ఎక్కువే అంటుంటే, తనను ఎగతాళి చేస్తున్నారని ఆమె బాధపడింది. బట్టల ధర తెలిసిన ఒక మనిషిని పిలిపించమని ఇమామ్ గారు చెప్పారు. చివరికి దాన్ని 500 దిర్హములకు కొన్నారు. అమ్మేవారికి ధర తెలియకపోవడం కొనేవాడికి అదృష్టమని బజారు భావిస్తుంది. ఆనాటి కూఫా బజారు కూడా అలాగే భావించి ఉంటుంది, లేకపోతే ఈ సంగతి ఇన్ని వందల ఏళ్ళు ఎవరు చెప్పుకుంటారు?

మరోసారి ఒక ముసలామె వచ్చింది. నేను పేదదాన్ని, ఈ బట్ట మీకు ఎంతకు పడిందో అంతకే నాకు ఇవ్వమని అడిగింది. నాలుగు దిర్హములు ఇచ్చి తీసుకువెళ్ళమని ఆయన చెప్పారు. ఆమెకు కోపం వచ్చింది. ముసలిదాన్నని వేళాకోళం చేస్తున్నారా అంది. ఆయన ఓపికగా లెక్క చెప్పారు. ఇలాంటివి రెండు కొన్నాను, రెండింటి మీద పెట్టిన డబ్బులో నాలుగు దిర్హములు తక్కువగా మొదటి దానికే వచ్చేసింది, కాబట్టి ఈ రెండోది నాకు నాలుగు దిర్హములకే పడిందని వివరించారు. ఆమెకు దానం చేస్తున్నానని ఆయన అనలేదు. ఆమె అడిగింది కొన్న ధర. దానినే లెక్కగట్టి చూపించారు. ఆమె ఆ బట్టను దానంగా కాక కొనుక్కున్న వస్తువుగానే తీసుకువెళ్ళింది.

మదరసాలో ఖుదూరీ, హిదాయా చదివిన వారికి కితాబుల్ బుయూ, అంటే క్రయవిక్రయాల ప్రకరణం, ఎంత పొడుగో తెలుసు. పరీక్షల ముందు మేము దాన్ని చూసి భయపడేవాళ్ళం. ఆ ప్రకరణాన్ని ఈ దుకాణాన్ని మనసులో పెట్టుకుని చదివితే అర్థమయ్యే తీరే వేరు. కొన్న ధరకే అమ్మడాన్ని తౌలియా అంటారు. కొన్న ధర చెప్పి దాని మీద ఇంత లాభమని చెప్పి అమ్మడాన్ని మురాబహా అంటారు. మురాబహాలో కొన్న ధరకు బట్ట ఉతికించిన కూలి, రంగు వేయించిన కూలి, అంచు పని చేయించిన కూలి కలుపుకోవచ్చు. అయితే అప్పుడు వర్తకుడు నేను దీన్ని ఇంతకు కొన్నానని అనకూడదు, నాకు ఇంతకు పడిందని అనాలి. ఎందుకంటే మొదటి మాట అబద్ధమవుతుంది, రెండోది నిజం. ఒక్క క్రియాపదం తేడాలో హలాల్ సంపాదన ఉందని గ్రహించాలంటే గల్లా పెట్టె దగ్గర కూర్చున్న అనుభవం ఉండాలి. చూడకుండా కొన్నవాడికి చూశాక వద్దనే హక్కు ఉంటుంది. మరి మడతపెట్టిన బట్టను పైన మాత్రమే చూస్తే చూసినట్టేనా? ఇమామ్ గారి మాట ప్రకారం చూసినట్టే. శిష్యులు జుఫర్ (రహ్మలై) మాత్రం మడత విప్పి చూడాలన్నారు. లోపలి భాగంలోనే అసలు అందమైన నమూనా ఉండే బట్టయితే పైన చూస్తే చాలదని తరువాతి ఫుఖహా వివరించారు. నా పైజామా బట్ట సంగతి వచ్చినప్పుడు ఈ మస్అలా కూడా నెమరు వేసుకున్నాను. అది లోపం ఉన్న సరుకు, కనుక వాపసు హక్కు నాకు ఉండనే ఉంది. బోర్డు రాసినంత మాత్రాన ఆ హక్కు పోదు!

ఇక ఆ దుకాణం లాభం ఎటు పోయేదో చూద్దాం. సంవత్సరానికి సంవత్సరం లాభాలు కూడబెట్టి, వాటితో కూఫాలోని ముహద్దిసులకు, పెద్దలకు కావలసిన ధాన్యం, బట్టలు, ఇతర అవసరాలు కొని పంపేవారు. మిగిలిన దీనార్లు కూడా వారికే పంచేవారు. ఇచ్చేటప్పుడు ఒక మాట తప్పక చెప్పేవారట: నాకు కృతజ్ఞతలు చెప్పవద్దు, అల్లాహ్‌నే స్తుతించండి, ఇది నా సొమ్ము కాదు, మీ వంతుగా అల్లాహ్ నా చేతికిచ్చిన లాభం అని. తన ఇంటివారి కోసం ఎంత ఖర్చు పెడితే అంత సదఖా చేసేవారు. కొత్త బట్ట తొడుక్కుంటే దాని విలువకు సరిపడా విద్వాంసులకు బట్టలు పెట్టేవారు. కుమారుడు హమ్మాద్ సూరె ఫాతిహా నేర్చుకున్న రోజున ఉస్తాదుకు 500 దిర్హములు పంపారు. ఉస్తాదు ఆశ్చర్యపోతే, నా దగ్గర ఇంతకన్నా ఉంటే ఖుర్‌ఆన్ గౌరవం కోసం అదీ ఇచ్చేవాడినని చెప్పారు. మన ఊళ్ళలో మక్తబ్ ఉస్తాదు నెల జీతం గురించి జరిగే బేరసారాలు తెలిసినవారికి ఈ సంగతి మీద వ్యాఖ్యానం అక్కరలేదు.

ఒకనాడు ఆయన దర్స్‌లో చిరిగిన బట్టలతో ఒక మనిషి కూర్చున్నాడు. జనం వెళ్ళేదాకా అతన్ని ఉండమని, తరువాత ముసల్లా ఎత్తి కింద ఉన్నది తీసుకోమన్నారు. వెయ్యి దిర్హములున్నాయి. బాగా కనిపించేలా బట్టలు కుట్టించుకోమన్నారు. నేను ధనవంతుణ్ణే, నాకు ఇవి అక్కరలేదని ఆ మనిషి అన్నాడు. అలాగైతే, అల్లాహ్ ఇచ్చిన అనుగ్రహం మనిషి మీద కనిపించాలి కదా, నిన్ను చూసి నీ మిత్రుడు దిగులు పడకుండా ఉండేలా తిరుగు అని ఇమామ్ గారు మెత్తగా చెప్పారు. ఇంకోసారి దారిలో వెళ్తుంటే ఎదురొచ్చిన ఒక మనిషి తనను చూసి పక్క సందులోకి తప్పుకున్నాడు. పిలిచి కారణం అడిగితే, పది వేల దిర్హములు బాకీ ఉన్నాను, తీర్చలేకపోయాను, సిగ్గుపడ్డానన్నాడు. ఇమామ్ గారు ఆ బాకీ అక్కడే మాఫీ చేశారు. అంతటితో ఆగలేదు. నన్ను చూడగానే నీ గుండెలో కలిగిన భయానికి నన్ను క్షమించమని అతన్నే కోరారు.

ఆయన చేసిన ఖర్చులో ఈ ఉమ్మత్‌కు అన్నింటికన్నా ఎక్కువ ఫలితమిచ్చింది ఒక బీద పిల్లవాడి మీద పెట్టినది. ఆ పిల్లవాడి పేరు యాఖూబ్. ఒక రివాయతు ప్రకారం తండ్రి లేడు. తల్లి అతన్ని బట్టలు ఉతికే పనివాడి దగ్గర కుదిర్చింది. పిల్లవాడు మధ్యలో పని ఎగ్గొట్టి ఇమామ్ గారి దర్స్‌లో కూర్చునేవాడు. తల్లి వచ్చి చెయ్యి పట్టుకుని లాక్కుపోయేది. ఒకనాడు ఆమె విసిగిపోయి ఇమామ్ గారినే నిలదీసింది. వీడు అనాథ, నేను నూలు వడికి పోషిస్తున్నాను, నాలుగు డబ్బులు తెస్తాడనుకుంటే మీరు వీణ్ణి చెడగొడుతున్నారంది. పిస్తా నూనెతో చేసిన ఫాలూదజ్ తినడం వీడు నేర్చుకుంటున్నాడమ్మా అని ఇమామ్ గారు జవాబిచ్చారు. ముసలితనంలో ఈయనకు మతి పోయిందనుకుంటూ ఆమె వెళ్ళిపోయింది. ఇమామ్ గారు పిల్లవాడి చేతికి వంద దిర్హముల సంచి ఇచ్చి, దర్స్ మానవద్దు, అయిపోతే చెప్పమన్నారు. అతను చెప్పవలసిన అవసరమే రాలేదు. అయిపోయే సమయానికి మరో సంచి వచ్చేది. ఆ పిల్లవాడే ఇమామ్ అబూ యూసుఫ్ (రహ్మలై). ముస్లిం చరిత్రలో ఖాజియుల్ ఖుజాత్, అంటే ప్రధాన న్యాయమూర్తి, అన్న హోదా మొట్టమొదట పొందినది ఆయనే. ఖలీఫా హారూన్ రషీద్ కోసం రాజ్యాదాయాల మీద కితాబుల్ ఖరాజ్ రాసినదీ ఆయనే. హారూన్ రషీద్ భోజనాల బల్ల మీద ఒకనాడు ఆ ఫాలూదజ్ రాగానే అబూ యూసుఫ్ గారికి నవ్వొచ్చిందట. ఖలీఫా కారణం అడిగితే ఈ కథంతా చెప్పారట.

పొరుగున ఒక చెప్పులు కుట్టేవాడు ఉండేవాడు. పగలంతా పని, రాత్రంతా తాగుడు, పాట. ఊరివాళ్ళు తనలాంటి వాణ్ణి వృథాగా పోగొట్టుకున్నారని వాపోయే ఒక పాట అతనికి ఇష్టం. ఇమామ్ గారు రాత్రి నమాజులో నిలబడి అది వింటూ ఉండేవారు. ఒక రాత్రి పాట వినిపించలేదు. విచారిస్తే గస్తీవాళ్ళు పట్టుకుపోయి ఖైదు చేశారని తెలిసింది. ఫజ్ర్ అయ్యాక ఇమామ్ గారు స్వయంగా గవర్నరు దగ్గరకు వెళ్ళారు. గవర్నరు ఆ మనిషినే కాక ఆ రాత్రి పట్టుబడ్డవారందరినీ విడిచిపెట్టాడు. తిరిగి వచ్చేటప్పుడు దారిలో, మరి మేము నిన్ను పోగొట్టుకున్నామా అని ఇమామ్ గారు అతన్ని అడిగారు. అతను మళ్ళీ తాగలేదని రాశారు. రాజుల గడప తొక్కడానికి ఇష్టపడని మనిషి, ఒక తాగుబోతు పొరుగువాడి కోసం ఆ గడప తొక్కారు.

ఇంత జాగ్రత్త తన కంచం విషయంలో కూడా ఉండేది. ఒకసారి కూఫాలో ఒక గొర్రె దొంగతనం అయ్యింది. గొర్రె ఎంతకాలం బతుకుతుందని విచారించారు. ఏడేళ్ళన్నారు. ఆ ఏడేళ్ళు ఆయన గొర్రె మాంసం తినలేదు.

ఇప్పుడు రాజుల విషయానికి వద్దాం. హిజ్రీ 122లో హజ్రత్ హుసైన్ (రజి) మనుమడు జైద్ బిన్ అలీ (రహ్మలై) కూఫాలో ఉమయ్యా పాలకుల అన్యాయాన్ని ఎదిరించి లేచినప్పుడు ఇమామ్ గారు ధనసహాయం పంపారు. స్వయంగా వెళ్ళలేకపోవడానికి ఆయన చెప్పుకున్న కారణం గమనించదగినది. ప్రజల అమానతులు తన దగ్గర ఉన్నాయి, వాటిని ఇబ్నె అబీ లైలాకు అప్పగించబోతే ఆయన తీసుకోలేదు, ఆ బరువుతోనే చనిపోతానేమోనని భయపడ్డానన్నారు. ఆనాడు బ్యాంకులు లేవు. ప్రయాణం వెళ్ళేవారు, అనాథల సొమ్ముకు సంరక్షకులు, అందరూ ఈ వర్తకుడి దగ్గరే దాచుకునేవారు.

ఉమయ్యాల చివరి రోజులలో ఇరాక్ గవర్నరు ఇబ్నె హుబైరా ఆయనకు పదవి ఇవ్వజూపాడు. ఆలిమ్‌లను తన వైపు నిలబెట్టుకుంటే ప్రజలు అణిగి ఉంటారన్నది అతని ఆలోచన. ఇమామ్ గారు నిరాకరించారు. రోజుకు పది చొప్పున 110 కొరడా దెబ్బలు కొట్టించాడని రివాయతు. దెబ్బల కన్నా తన తల్లి పడే బాధే తనకు ఎక్కువైందని ఆయన చెప్పుకున్నారు. విడుదల అయ్యాక హిజ్రీ 130లో మక్కా వెళ్ళిపోయారు. అబ్బాసీల రాజ్యం వచ్చి కుదుటపడ్డాకే కూఫా తిరిగి వచ్చారు.

అబ్బాసీ ఖలీఫా మన్సూర్ దెబ్బలకు ముందు డబ్బు ప్రయత్నించాడు. పలు విడతలుగా 30 వేల దిర్హములు కానుకగా ఇచ్చాడు. వద్దంటే ఆగ్రహం, తీసుకుంటే అది ప్రజల ఖజానా సొమ్ము. బగ్దాద్‌లో నేను పరదేశిని, దాచుకునే చోటు లేదు, మీ బైతుల్ మాల్‌లోనే నా పేరున ఉంచండని ఇమామ్ గారు కోరారు. ఖలీఫా సంతోషించాడు. ఆయన చనిపోయాక ఇంట్లో నుండి జనం అమానతులు బయటికి తీస్తుంటే చూసి, ఇంత సొమ్ము దాచగలిగినవాడు నా సొమ్ము దాచలేకపోయాడా, నన్ను ఏమార్చాడని మన్సూర్ అన్నాడట.

నాకు తెలిసిన మస్జిదులు గుర్తుకొస్తాయి. ఇమామ్ సాహెబ్ జీతం కమిటీ సదర్ జేబులో నుండి వస్తుంది. ఆ సదర్ గారి వ్యాపారంలో వడ్డీ ఉందని జుమా ఖుత్బాలో ఎవరు చెబుతారు? చెప్పిన నా సహపాఠి ఒకడు మరుసటి నెల వేరే ఊరు వెతుక్కున్నాడు. ఇప్పుడతను ఒక చిన్న పట్టణంలో బురఖాల దుకాణం పెట్టుకున్నాడు, ఫజ్ర్ తరువాత ఉచితంగా దర్స్ చెబుతున్నాడు. మౌలానా అయి ఉండి బట్టలు అమ్ముకుంటున్నాడని బంధువులు చాటున అనుకుంటారు. అలా అనేవారికి కూఫా సంగతి చెప్పాలని ఉంటుంది.

మన్సూర్ చివరికి ఖాజీ పదవి తీసుకుని తీరాలన్నాడు. నేను దానికి తగను అని ఇమామ్ గారు అన్నారు. అబద్ధమాడుతున్నావు, తగినవాడివే అని ఖలీఫా అన్నాడు. అబద్ధమాడేవాణ్ణయితే ఖాజీగా అసలే పనికిరాను కదా అని ఆయన బదులిచ్చారు. ఖలీఫా ప్రమాణం చేశాడు, ఆయనా ప్రమాణం చేశారు. హిజ్రీ 145లో మొదలైన బగ్దాద్ నగర నిర్మాణంలో ఆయనకు ఇటుకలు లెక్కపెట్టే పని అప్పగించి ఖలీఫా తన ప్రమాణం నెరవేర్చుకున్నాడని చరిత్రకారుడు తబరీ రాశారు. ఇటుకలను ఒక్కొక్కటిగా లెక్కపెట్టకుండా, పేర్చిన వరుసలను వెదురు కర్రతో కొలిచి లెక్క కట్టారట ఇమామ్ గారు. బట్టలు కొలిచిన చెయ్యి అది.

తరువాత జైలు. అక్కడ కూడా కొట్టారని రాశారు. హిజ్రీ 150లో, క్రీ.శ. 767లో, డెబ్బయ్యేళ్ళ వయసులో ఆయన ఈ లోకం విడిచారు. ఖైదులోనే మరణించారని కొందరు, విషం ఇచ్చారని కొందరు రాశారు. బగ్దాద్ ఖాజీ హసన్ బిన్ ఉమారా గుసుల్ ఇచ్చారు. జనం ఎంత కిక్కిరిసిపోయారంటే జనాజా నమాజు ఆరు సార్లు చేయవలసి వచ్చింది, ఆఖరుసారి కుమారుడు హమ్మాద్ చేయించారు.

ఎక్కడ పూడ్చాలో ఆయనే వసీయత్ చేసి ఉన్నారు. ఖైజురాన్ శ్మశానవాటిక వైపు నేల ఎవరి దగ్గరా బలవంతంగా లాక్కున్నది కాదు, నన్ను అక్కడే పెట్టండన్నారు. ఏడేళ్ళు గొర్రె మాంసం మానుకున్న మనిషి ఆరడుగుల నేల విషయంలో కూడా విచారించుకునే వెళ్ళారు. హిజ్రీ 459లో ఆ సమాధి మీద గుంబజ్, పక్కనే మదరసా కట్టారు. ఆయన బిరుదు మీదుగానే బగ్దాద్‌లోని ఆ పేటకు ఆజమియా అని పేరు వచ్చింది.

కూఫా ఇంట్లో అమానతులు మిగిలాయి. బంగారం, వెండి, ఇంకా ఎన్నో. సొంతదారులు చాలామంది ఊళ్ళో లేరు, వారిలో అనాథలు కూడా ఉన్నారు. హమ్మాద్ అన్నీ ఖాజీ దగ్గరకు తీసుకువెళ్ళి అప్పగించబోయారు. మీరే ఉంచండి, మీకన్నా నమ్మకస్తుడు ఎవరని ఖాజీ అన్నాడు. ముందు వీటిని తూచి లెక్క రాసుకోండి, మా నాన్నగారి బాధ్యత తీరిపోవాలి, తరువాత మీ ఇష్టం వచ్చినట్లు చేయండని హమ్మాద్ పట్టుబట్టారు. తూచడానికి రోజులు పట్టింది. తూకం పూర్తయ్యాక ఖాజీ హమ్మాద్ కోసం చూస్తే ఆయన కనిపించలేదు. ఆ సొమ్మును ఖాజీ మరొకరికి అప్పగించాడని తెలిసేదాకా హమ్మాద్ ఇంటి నుండి బయటికి రాలేదు.